మాయాబజార్‌లో ఇళ్లు ఎవరు కట్టినారు?

ఈసారి గోడపత్రికకి చనిపోయిన ప్రముఖుల జీవితాలు రాయమని మేడమ్ చెప్పగానే మా క్లాసులో సగం మంది బళ్లారి రాఘవ గారి పేరు రాసుకున్నారు. తప్పేం లేదు, మన ఊరి మనిషి. ఇంకొందరు ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారిని, కోలాచలం శ్రీనివాసరావు గారిని పట్టుకున్నారు. నాకు మిగిలింది ఎవరా అని ఆలోచిస్తే, మాధవపెద్ది గోఖలే గారు గుర్తొచ్చినారు. ఎవరాయన అని మీరు అడగొచ్చు. ఆయన చేసిన ఇళ్లు మీరందరూ చూసినారు, ఒకటికి పదిసార్లు చూసినారు. ఆ సంగతి తర్వాత. ముందు నేను ఆయన్ని ఎందుకు పట్టుకున్నానో చెప్పాలి.

మా అక్క ఇంటీరియర్ డిజైనర్. డిప్లొమా చేసి రెండేళ్లుగా పనిచేస్తోంది. పోయిన శ్రావణంలో అక్కని చూసుకోవడానికి ఒక ఇంటివాళ్లు వచ్చినారు. టిఫిన్లు అయినాయి, మాటలు బాగానే నడిచినాయి. అమ్మాయి ఏం పని చేస్తుందని పెద్దాయన అడిగితే నాయన చెప్పినాడు. కర్టెన్లు, సోఫా కవర్లు ఎంచేదానికి కూడా జీతమిస్తారా అని ఆయన నవ్వినాడు. తక్కిన వాళ్లూ నవ్వినారు. ఇల్లు సర్దడం ఆడపిల్లలకి పుట్టుకతో వచ్చేదే కదా అని వాళ్లావిడ కలిపింది. అక్క కూడా మర్యాదకి కొంచెం నవ్వింది. నాకు ఆ నవ్వే ఎక్కువ బాధ అనిపించింది. ఆ రోజు రాత్రి అక్క ఎప్పటిలాగే లాప్‌టాప్ ముందు కూర్చుని ఎవరింటికో కరెంటు పాయింట్లు గుర్తు పెడుతోంది. ఫ్రిజ్ ఎక్కడ, మిక్సీ ఎక్కడ, మంచం పక్కన ఫోన్ చార్జర్ ఎక్కడ, అన్నీ గోడ పగలగొట్టకముందే తేలాలంట. కర్టెన్ల మాట రావడానికి ఇంకా నాలుగు నెలలుంది.

అప్పటి నుంచి ఈ పని అసలు ఏమిటో తెలుసుకోవాలని నాకు పట్టుదల వచ్చింది. మన తెలుగువాళ్లలో ఈ పనిని పెద్ద ఎత్తున చేసినవాళ్లు ఎవరని వెతుక్కుంటే, సినిమాల కళాదర్శకులు కనపడినారు. మనుషులు నిజంగా బతికే గదులు కాకపోయినా, బతుకుతున్నట్టు కనపడాల్సిన గదులు చేసింది వాళ్లే. వాళ్లలో నాకు నచ్చినాయన గోఖలే గారు.

గోఖలే గారు 1917లో పుట్టినారు. ఊరు గుంటూరు జిల్లా బ్రాహ్మణకోడూరు, తెనాలికి పొన్నూరుకి దగ్గర. గాయకుడు మాధవపెద్ది సత్యం గారిదీ అదే ఊరు, అదే ఇంటిపేరు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మాయాబజార్ దగ్గర పనికొస్తుంది. గోఖలే గారు మద్రాసు వెళ్లి ఆర్ట్స్ స్కూల్లో బొమ్మలు వేయడం నేర్చుకున్నారు. ఆ కాలంలో ఆ స్కూలుకి పెద్ద దేవీప్రసాద్ రాయ్ చౌధురి గారు. మద్రాసు మెరీనా బీచిలో నలుగురు కూలీలు బండని కదిలిస్తున్న విగ్రహం ఉంటుంది చూడండి, అది చేసినాయన.

బొమ్మలతోపాటు గోఖలే గారు కథలు కూడా రాసినారు. మా. గోఖలే అని సంతకం పెట్టేవారు. బల్లకట్టు పాపయ్య, మూగజీవాలు ఆయన పేరు మీద నిలిచినవి. అభ్యుదయ భావాలున్న రచయిత. గుంటూరు పల్లెల్లో పేదవాళ్లు మాట్లాడే మాటనే కథలోకి తెచ్చినారు. మన డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని కథకుడిగా చదివేవాళ్లు చదువుతారు, సినిమావాళ్లు కళాదర్శకుడిగా చెప్పుకుంటారు. ఇద్దరూ ఒకే మనిషి అని కలిపి చూసేవాళ్లు తక్కువ. నాకు మాత్రం ఆ రెండు పనులూ ఒకటే అనిపిస్తుంది. కథ రాసేవాడు పూరింట్లో ఏం ఉంటుందో, ఏం ఉండదో చూసి ఉండాలి. ఉట్టి ఎక్కడ వేలాడుతుంది, దీపం గూడు ఏ ఎత్తులో ఉంటుంది, చెంబు ఎక్కడ బోర్లిస్తారు. ఇవి తెలిసినవాడికి కాగితం మీద రాయడమైనా, స్టూడియోలో కట్టడమైనా చూపు ఒకటే.

1950 నాటికి మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు విజయా సంస్థ పెట్టి షావుకారు తీసినారు. చక్రపాణి గారిది తెనాలి, నాగిరెడ్డి గారిది కడప జిల్లా. వాహినీ స్టూడియోలో పని. అక్కడ గోఖలే, కళాధర్ గార్లు జంటగా కళాదర్శకులైనారు. టైటిల్స్‌లో ఇద్దరి పేర్లూ కలిసే పడతాయి. కాబట్టి ఇక్కడి నుంచి సెట్ల గురించి నేను గోఖలే గారు అని రాసినచోటల్లా పక్కన కళాధర్ గారు కూడా ఉన్నారనుకోండి.

1951లో పాతాళభైరవి వచ్చింది. దర్శకుడు కె.వి. రెడ్డి గారు, మనకి పొరుగున ఉన్న తాడిపత్రి ప్రాంతం వాడు. (రాఘవ గారు పుట్టింది కూడా తాడిపత్రిలోనే అని రాఘవ గారి మీద రాసినవాళ్లు పక్క చార్టులో చెప్పే ఉంటారు.) ఆ సినిమాలో ఇళ్లని వరసగా చూడండి. తోట రాముడి ఇల్లు ఉంది, ఉజ్జయిని రాజుగారి కోట ఉంది, మాంత్రికుడి గుహ ఉంది, చివర్లో మాయతో లేచిన మేడ ఉంది. మాటలు మ్యూట్ చేసి చూసినా ఎవరు ఎవరో తెలిసిపోతుంది. నేను చేసి చూసినాను. మాంత్రికుడి గుహలో మనిషి హాయిగా నడుం వాల్చే చోటు ఒక్కటీ నా కంటికి కనపడలేదు. ఆ మనిషికి నిద్ర, తిండి కన్నా కావలసింది వేరే ఉందని ఆ గదే చెబుతుంది. మాయతో వచ్చిన మేడ కూడా పుట్టు రాజుగారి కోటలాగా ఉండకూడదు కదా. కొత్త డబ్బుతో వచ్చిన ఇల్లు మెరవాలి. మా అక్క అంటుంది, ఇంటివాళ్లు వచ్చి లగ్జరీగా కావాలన్నారంటే, అది ఏ రకం లగ్జరీయో తేల్చుకునేదానికే మూడు మీటింగులు పడుతుందని.

సెట్టు ఎలా కడతారో కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ పని అర్థం కాదు. ముందు కథ వింటారు. ఈ ఇంట్లో ఎవరుంటారు, ఎంతమంది, వాళ్లకి డబ్బుందా, ఉన్నట్టు నటిస్తున్నారా. తర్వాత పెన్సిల్ బొమ్మలు. దర్శకుడు ఒప్పుకున్నాక కొలతలతో ప్లాను, కొన్నిసార్లు చిన్న నమూనా. ఆ తర్వాత వడ్రంగులు చెక్క చట్రాలు బిగించి, వాటికి గుడ్డో ప్లైవుడ్డో కొట్టి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చులు పోసి, పెయింటర్లు రంగు వేసి గోడని గోడలాగా చేస్తారు. రాతి స్తంభమని మనం అనుకునేది ఇద్దరు మనుషులు ఎత్తుకుపోయేంత తేలిక. గదికి పైకప్పు చాలాసార్లు ఉండదు, ఎందుకంటే లైట్లు పైనుంచి రావాలి. నాలుగో గోడ ఉండదు, అక్కడ కెమెరా ఉంటుంది. కెమెరా అటు తిరిగితే ఆ గోడ పెట్టి ఈ గోడ తీస్తారు. తలుపు ఎంత వెడల్పో, హీరోయిన్ వంటింట్లోంచి హాల్లోకి ఎన్ని అడుగులు వేయాలో, ఆ అడుగుల్లో ఎన్ని మాటలు పడతాయో ముందే చూసుకోవాలి. ఇదంతా చేశాక కదా గోడకి పటం తగిలించేది!

ఇంకో చిక్కు రంగులది. ఆ సినిమాలన్నీ నలుపు తెలుపు. గోడకి వేసిన రంగు తెర మీద బూడిద రంగై కూర్చుంటుంది. ఎర్ర తలుపు, ఆకుపచ్చ గోడ కంటికి ఎంత వేరుగా ఉన్నా తెర మీద రెండూ ఒకే బూడిదలో కలిసిపోవచ్చు. తెల్ల గోడ అయితే లైటు పడగానే కళ్లు చెదిరేట్టు మండుతుంది, అందుకే పాలిన రంగులు వాడేవారు. కంటికి నచ్చిన రంగు కాకుండా, తెర మీద ఏం మిగులుతుందో అది తలలో చూసుకుని ఎంచుకోవాలి. వాహినీలో కెమెరా మార్కస్ బార్ట్లీ గారిది. ఆయన లైటుకి, వీళ్ల గోడకి పొత్తు కుదరకపోతే ఇద్దరి కష్టమూ గంగలో కలిసినట్టే. అక్క కూడా రంగుల కార్డు షాపులో చూసి ఒప్పుకోదు. ఆ గోడ దగ్గరికే తీసుకుపోయి పొద్దున ఒకసారి, సాయంత్రం లైటు వేసి ఒకసారి చూస్తుంది.

1955లో మిస్సమ్మ. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటించే ఇద్దరు ఒకే కప్పు కింద ఉండాలి, కానీ కలిసి ఉండకూడదు. అలాంటి ఇల్లు గీయమంటే మీరు ఎలా గీస్తారు? నాకైతే ఆ సినిమాలో కథ ఎంత నడిపిందో గుమ్మాలు, వరండా, పెరడు కూడా అంత నడిపినట్టు కనపడుతుంది. ఇదే సినిమా తమిళంలో కూడా తీసినారు, అక్కడ రామారావు గారి చోట జెమినీ గణేశన్. కథ ఒకటే, మాటలు రెండు రకాలు. మా ఇంటి మాదిరే. మా అమ్మ కన్నడం, నాయన తెలుగు, వంటింట్లో ఒక భాష, హాల్లో ఒక భాష. ఇల్లు మాత్రం భాష అడగదు.

ఇక మాయాబజార్. 1957 మార్చి 27న విడుదలైంది. ఇదీ తెలుగు, తమిళం రెండింట్లో. విజయా వాళ్లకి ఇదే మొదటి పౌరాణికం. లైట్ల వాళ్లు, వడ్రంగులు, పెయింటర్లు అంతా కలిపి దాదాపు 400 మంది పనిచేసినారంటారు. ద్వారకా నగరం పైనుంచి కనపడుతుంది చూడండి, దీపాలతో. అది 50 అడుగులు, 60 అడుగుల జాగాలో పేర్చిన బొమ్మల ఊరు. సుమారు 300 చిన్న ఇళ్లు, ఒకదానిలాగా ఒకటి ఉండకుండా చేసినారు. నేను ఆగింది ఇక్కడే. తెరమీద ఆ ఊరు కనపడేది కొన్ని క్షణాలు. అచ్చు పోసి ఒకే ఇంటిని మూడు వందలు దించేస్తే ఎవరికి తెలుస్తుంది? కానీ ఊరంటే అన్ని ఇళ్లూ ఒకేలా ఉండవని మన కంటికి తెలుసు. కన్ను పట్టుకుంటుంది, ఏం పట్టుకుందో మనం చెప్పలేకపోయినా.

ఇంతకీ ఆ కథలో ఘటోత్కచుడి మనుషులు చేసే పని ఏమిటి? పెళ్లివారికి విడిది ఏర్పాటు చేయడం! చినమయ్య బృందం మాయతో ఊరు లేపుతుంది, మేడలు, పరుపులు, తివాచీలు అమరుస్తుంది. మన తెలుగు సినిమాలో ఇంతకన్నా పెద్ద ఇంటీరియర్ కాంట్రాక్టు ఇంకొకటి లేదు. పైగా వచ్చేవాళ్లు కౌరవులు, వాళ్లకి సుఖంగా ఉండకూడదు. అందుకని శర్మ, శాస్త్రి కూర్చున్న తివాచీ చుట్టుకుపోతుంది, మంచం వాళ్లని ఎత్తి పడేస్తుంది. శకుని ఎక్కి నిలబడితే లోపలి నిజమంతా కక్కించే పీఠం ఒకటి ఉంటుంది. చూసేవాళ్లకి నవ్వు. ఆ తివాచీ, ఆ మంచం, ఆ పీఠం ఎక్కడ ఉండాలి, ఎంత ఉండాలి, కింద ఏముండాలి అని ముందుగా గీసుకున్నవాళ్లకి అది లెక్క. వివాహ భోజనంబు పాటలో ఆ బంతి చూడండి, గిన్నెలూ గంగాళాలూ పిండివంటలూ ఎట్లా పేర్చినారో. రంగారావు గారికి గొంతు మాధవపెద్ది సత్యం గారిది, ఆ భోజనశాల గోఖలే గారి బృందానిది. ఒకే ఊరి ఇద్దరు ఒకే పాటలో కలిసినారు. ఆ పాట వచ్చినప్పుడల్లా నేను ఇంట్లో ఈ ముక్క చెప్పి అందరికీ విసుగు తెప్పిస్తున్నాను.

పౌరాణికంలో ఎంత పెద్దగా కట్టినా పట్టేవాళ్లు లేరు, ద్వారకని చూసినవాళ్లు ఎవరు? మామూలు ఇల్లు కష్టం. ప్రతి ఒక్కరికీ ఇల్లుంది, తప్పు వెంటనే దొరుకుతుంది. అందుకే నా లెక్కలో ఆయన పని బయటపడేది 1962లో వచ్చిన గుండమ్మ కథలో. ఇది మన బళ్లారి వాళ్లకి ఇంకా దగ్గర. దీనికి మూలం కన్నడ సినిమా, విఠలాచార్య గారు 1958లో తీసిన మనె తుంబిద హెణ్ణు. అంటే ఇంటిని నింపిన ఆడపిల్ల అని. పేరులోనే ఇల్లుంది. మా అజ్జికి ఆ కన్నడ సినిమా తెలుసు, మా అవ్వకి తెలుగుది తెలుసు, ఇద్దరూ కూర్చుంటే ఏది గొప్పదో ఇంకా తేలలేదు.

గుండమ్మ ఇంట్లో డబ్బుంది, ప్రేమ లెక్కపెట్టి ఖర్చవుతుంది. సవతి కూతురు లక్ష్మి అదే ఇంట్లో పనిమనిషిలాగా ఉంటుంది, సొంత కూతురు సరోజ దొరసానిలాగా. ఒకే ఇల్లు ఇద్దరికి రెండు ఇళ్లు. సరోజ తిరిగే చోట్లు వేరు, లక్ష్మి తిరిగే చోట్లు వేరు. రామారావు గారు పనివాడుగా చేరి రుబ్బురోలు ముందు కూర్చుని పాడే పాట అందరికీ తెలుసు. ఆ రోలు ఎక్కడ వేయాలని ఎవరో ఒకరు నిర్ణయించాలి కదా. రుబ్బేవాడికి వెలుగు రావాలి, పక్కన సావిత్రి గారు నిలబడే జాగా ఉండాలి, కెమెరా తిరగాలి, అయినా అది నిజంగా ఒక ఇంటావిడ పిండి రుబ్బుకునే చోటులాగా ఉండాలి. ఇది కర్టెన్ ఎంచడం కాదు. ఆ ఇంట్లో ఎవరి నడుము వంగుతుంది, ఎవరిది వంగదు అనేది చూడటం.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పేస్తాను. మాది పాత ఇల్లు, ముందు సగం చవుడు మిద్దె, బేతంచెర్ల బండలు. వెనక సగం తర్వాత కట్టింది. పోయిన ఏడాది వంటిల్లు బాగుచేయించినప్పుడు మిస్త్రీ అందరికీ చేసినట్టే గట్టు 34 అంగుళాల ఎత్తు అన్నాడు. అక్క టేపు తెచ్చి ముందు అమ్మని నిలబెట్టి మోచేతి దాకా కొలిచింది. అమ్మ పొట్టి. 32 చాలంది. మిస్త్రీకి నచ్చలేదు, తర్వాత ఎవరైనా పొడుగు కోడలు వస్తే ఎట్లా అన్నాడు. కోడలు వచ్చేదాకా వంట చేసేది అమ్మేగా అని అక్క పట్టుబట్టింది. ఇప్పుడు సాయంత్రం అయ్యేసరికి అమ్మ భుజం పట్టుకుని కూర్చోవడం తగ్గింది. పడమటి గోడ ఏప్రిల్ వచ్చేసరికి పెనంలాగా కాలుతుంది, మన బళ్లారి ఎండలు తెలిసినవే. ఆ గోడకి బీరువాలు వరసగా కట్టించి మంచం ఇటు తిప్పించింది. మా రాత్రి నిద్ర ఆ బీరువాల పుణ్యమే. వీటిలో ఏదీ ఫోటోలో కనపడదు.

గోఖలే గారి పనికీ ఇదే దెబ్బ. బాగా కుదిరిన సెట్టు సెట్టులాగా కనపడదు, ఇల్లులాగా కనపడుతుంది. కాబట్టి చేసినవాడు గుర్తు రాడు. మాయాబజార్ అనగానే రంగారావు గారు, సావిత్రి గారు, రామారావు గారు, కె.వి. రెడ్డి గారు. పాటలంటే ఘంటసాల గారు, మాటలంటే పింగళి గారు. ఇల్లు అంటే ఎవరూ లేరు, అది అక్కడే ఉన్నట్టుంటుంది. ఇంకో సంగతి, హంపీలో రాయి నాలుగైదు వందల ఏళ్లయినా నిలబడింది. ఆ విజయనగరాన్నే మల్లీశ్వరి కోసం 1951లో ఎ.కె. శేఖర్ గారు వాహినీలో సెట్టు వేసినారు, అది మిగల్లేదు. గుండమ్మ ఇల్లూ అంతే. షూటింగ్ అయిపోతే మేకులు పీకి, చట్రాలు విప్పి, పనికొచ్చే చెక్క ఇంకో సినిమాకి పంపిస్తారు. చూసొద్దామని పోవడానికి ఎక్కడా ఏమీ లేదు.

గోఖలే గారు 1981లో చనిపోయినారు. 2010 జనవరిలో మాయాబజార్‌కి కంప్యూటర్‌తో రంగులు వేసి మళ్లీ విడుదల చేసినారు. ఆ స్తంభాలకి, తెరలకి, తివాచీకి ఏ రంగు అని ఈ కాలం వాళ్లు కూర్చుని తేల్చినారు. యాభై మూడేళ్ల కింద తెర మీద ఏ బూడిద పడుతుందో చూసుకుని రంగు ఎంచినాయనని అడుగుదామంటే ఆయన లేడు. రంగుల ప్రింటు బాగుందని ఇంట్లో అందరూ అంటారు. నాకు పాతదే ఇష్టం. అందులో దీపాల వెలుగు మెత్తగా ఉంటుంది.

ఇది రాస్తూ పోయిన ఆదివారం మళ్లీ గుండమ్మ కథ పెట్టుకున్నాం. అజ్జి, అవ్వ మామూలుగానే వాదించుకున్నారు. అక్క మధ్యలో రిమోట్ లాక్కుని ఆపింది. తెర మీద తలుపు, పక్కన మనిషి. మనిషి ఎత్తుతో తలుపు ఎత్తు లెక్కేసి నోటు పుస్తకంలో రాసుకుంది. ఇంకో సంబంధం వాళ్లు వచ్చే నెల వస్తామన్నారు. ఈసారి పని గురించి అడిగితే తానే చెప్తానంది, నాయన చెప్పక్కర్లేదంది. తర్వాత సినిమా మళ్లీ వేసింది.